మీరు రోజూ ఏమైనా రాస్తారా?

విదేశాల్లో చదువుకో ఉద్యోగానికో వెళ్ళాలనుకునేవాళ్ళు రాసే ఐయెల్ట్స్ పరీక్షలో నోటితో చెప్పాల్సిన భాగం ఒకటుంది. 11 నుంచి 14 నిమిషాలు. ఎదురుగా పరీక్షకురాలు, బల్ల మీద రికార్డరు. మొదటి నాలుగైదు నిమిషాలు మనకు బాగా తెలిసిన సంగతులే అడుగుతారు. మీ ఊరు, మీ ఇల్లు, మీ తిండి, మీ పండగలు. ఆ వరసలోనే తరచుగా వచ్చే ప్రశ్న రాయడం గురించి. మీరు రోజూ ఏమైనా రాస్తారా? ఎక్కువగా ఏం రాస్తారు? చేత్తో రాయడం ఇష్టమా, టైపు చేయడమా? జవాబులో చూసేవి నాలుగు. తడబడకుండా పొందికగా మాట్లాడటం, పదసంపద, వ్యాకరణం, ఉచ్చారణ. చెప్పింది నిజమా కాదా అన్నదానికి మార్కుల్లేవు.

హైదరాబాదులో ఒక స్నేహితురాలు నడిపే శిక్షణ తరగతుల్లో కొన్నేళ్ళుగా ఆదివారాలు మాక్ టెస్టులకి పరీక్షకురాలిగా కూర్చుంటున్నాను. ఈ ప్రశ్న అడిగినప్పుడల్లా వచ్చే జవాబులు రెండే రకాలు. మొదటి వారం వచ్చినవాళ్ళు, ముఖ్యంగా ఆడవాళ్ళు, మొహమాటంగా నవ్వి 'లేదు మేడమ్, నాకు రాసే అలవాటు లేదు' అంటారు. నెల తిరిగాక వాళ్ళే గడగడా డైరీ గురించి చెబుతారు. రోజూ పడుకోబోయే ముందు డైరీ రాసుకుంటానని, దానివల్ల మనసు తేలికపడుతుందని. ఒకే డైరీని అంతమంది రాస్తున్నారన్నమాట! మగపిల్లలకి ఈ ఇబ్బంది తక్కువ. ఆఫీసు మెయిళ్ళనీ, ప్రాజెక్టు రిపోర్టులనీ వాళ్ళు ఏ సందేహమూ లేకుండా రాతకింద జమ వేసుకుంటారు.

ఒక ఆదివారం రాత్రి డ్యూటీ దిగి నేరుగా వచ్చిన స్టాఫ్ నర్సు కూడా రాసే అలవాటు లేదనే చెప్పింది. రాత్రంతా ఏం చేశారని అడిగాను. పన్నెండు పడకలు చూసిందట. ఎవరికి జ్వరం ఎంత, బీపీ ఎంత, సెలైన్ ఎప్పుడు పెట్టారు, మూత్రం ఎంత పోశారు, ఏ మందు ఎన్నింటికి ఇచ్చారు, డాక్టరు ఫోన్లో ఏం చెప్పాడు, అన్నీ షీట్లలో నింపి, పొద్దున్న వచ్చేవాళ్ళకి అప్పగింత నోటు రాసి వచ్చింది. మరి అదంతా రాయడం కాదా అంటే, 'అది రాయడం కాదు మేడమ్, డ్యూటీ' అంది.

ఈ 'కాదు' ఎక్కడి నుంచి వచ్చిందన్నదే నా ప్రశ్న. ఆ అమ్మాయి వినయం నుంచి మాత్రం వచ్చింది కాదు. దానికి నూరేళ్ళు దాటిన చరిత్ర ఉంది.

1911 జనాభా లెక్కల్లో అక్షరాస్యులెవరో తేల్చడానికి ఎన్యూమరేటర్లకి ఒక కొలత ఇచ్చారు. స్నేహితుడికి ఉత్తరం రాయగలిగి, వచ్చిన జవాబు చదువుకోగలిగినవాళ్ళే అక్షరాస్యులు. అంతకు ముందు లెక్కల్లో చదవను, రాయను వచ్చా అని మాత్రమే అడిగేవారు. ఉత్తరం ముక్క ఈసారే చేరింది. ఆ కొలతకి దేశం మొత్తం మీద నూటికి ఒక ఆడమనిషి నిలిచింది. చదవడం వచ్చి రాయడం రానివాళ్ళు అక్షరాస్యులు కారనే నియమం ఇప్పటికీ మన జనాభా లెక్కల్లో ఉంది. పోతన పద్యాలో బైబిలో ఖురానో చదువుకుంటూ, పలక బలపం మాత్రం ముట్టని ఆడవాళ్ళు ప్రతి కులంలోనూ ప్రతి మతంలోనూ ఉండేవారు. వాళ్ళందరూ నిరక్షరాస్యుల ఖాతాలోకే వెళ్ళారు.

చదవడానికీ రాయడానికీ మధ్య ఈ దూరం ఎంతటిదో బెంగాలులో రాససుందరీదేవి తన ఆత్మకథ 'అమార్ జీబన్'లో చెప్పింది. 1876లో అచ్చయిన పుస్తకమది. చైతన్యభాగవతంలోంచి తీసిన ఒక పుటని వంటింట్లో దాచుకుని, కొడుకు అక్షరాలు దిద్దిన తాటాకుతో పోల్చి చూసుకుంటూ ఆమె దొంగచాటుగా చదవడం నేర్చుకుంది. రాయడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది. చదువు పొయ్యి దగ్గర పొగలో కూడా సాగుతుంది. రాతకి కాగితం కావాలి, కలం కావాలి, సిరాబుడ్డి కావాలి, వాటిని పరుచుకుని కూర్చునే చోటు కావాలి. అలా కూర్చుంటే నలుగురి కంటా పడుతుంది. చివరికి దూరాన చదువుకుంటున్న కొడుకు, నా ఉత్తరాలకి జవాబెందుకు రాయవమ్మా అని అడగడమే ఆమె రాతకి దారి తీసింది. ఆడది చదివితే భక్తి అనుకుని ఊరుకున్న ఇళ్ళు కూడా, రాస్తే ఎవరికి రాస్తుంది అని అడిగాయి. ప్రేమలేఖలు రాస్తారన్న భయంతో కూతుళ్ళ చదువు ఆపించిన తండ్రులు నాకు తెలిసిన కుటుంబాల్లోనే ఉన్నారు.

మన భండారు అచ్చమాంబ (1874-1905) బడి మొహం చూడలేదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుకుంటుంటే పక్కన కూర్చుని తెలుగూ హిందీ నేర్చుకుంది. తర్వాత మరికొన్ని భాషలు పట్టుకుంది. 'అబలా సచ్చరిత్ర రత్నమాల' కోసం ఎక్కడెక్కడి స్త్రీల చరిత్రలో పోగుచేసింది. 1902లో మొదలైన 'హిందూసుందరి'లో కథలు రాసింది. మన సాహిత్య చరిత్ర ఆమెను తొలి కథకురాలా కాదా అన్న తగవు దగ్గరే చాలాకాలం ఆపేసింది. అంత సమాచారం పోగుచెయ్యాలంటే ఎన్ని ఉత్తరాలు, ఎన్ని నోట్సులు, ఎన్ని నకళ్ళు రాసుకోవాలి? ఆ రాత గురించి అడిగినవాళ్ళు తక్కువ.

ఉత్తరాన్ని సాహిత్యంలోకి తెచ్చిన మనిషి కనుపర్తి వరలక్ష్మమ్మ. కె.ఎన్. కేసరి 1928లో పెట్టిన 'గృహలక్ష్మి' పత్రికలో ఆమె 'శారద లేఖలు' ఏళ్ళ తరబడి వచ్చాయి. శారద అనే ఆవిడ కల్పలత అనే స్నేహితురాలికి రాసే ఉత్తరాలవి. బాల్యవివాహాలూ ఖద్దరూ స్త్రీల హక్కులూ అన్నీ వాటిలో చర్చకొచ్చాయి. వరలక్ష్మమ్మ ఎంచుకున్న ఉత్తరం రూపం నాకు చాలా తెలివైన ఎత్తుగడగా కనిపిస్తుంది. వ్యాసం రాస్తే ఆడవాళ్ళకి ఈ రాజకీయాలెందుకనేవాళ్ళు, స్నేహితురాలికి కబుర్లు చెప్పుకుంటోందిలే అని ఊరుకుంటారు. జనాభా లెక్కలవాళ్ళు అడిగిన 'స్నేహితుడికి ఉత్తరం' ఇక్కడ స్నేహితురాలికి ఉత్తరమై, అచ్చులో కొన్ని వేల ఇళ్ళకి చేరిందన్నమాట.

అయితే ఆ పత్రికలు కొనుక్కుని చదివిన ఇళ్ళు ఏ కులాలవో మనం మర్చిపోకూడదు. రాయడం వచ్చిన ఇల్లాలు రోజూ ఏం రాసేది? పద్దు రాసేది. ఆ పద్దులో ఎవరుండేవారు? చాకలి, పాలమనిషి, పాచిపని చేసే ఆమె. విసుగు పుట్టించే జాబితాని ఇప్పటికీ 'చాకలి పద్దు' అంటాం. ఆ మాటలో రెండు చిన్నచూపులున్నాయి. ఆడవాళ్ళు రాసుకునే లెక్క మీద ఒకటి, ఎవరి పని గురించి ఆ లెక్కో వాళ్ళ మీద ఇంకొకటి. రేవులో బట్టలు ఏ ఇంటివో తెలియడానికి గుడ్డ అంచుల మీద చాకలి పెట్టే గుర్తులు ఇల్లాలి పద్దుకన్నా తక్కువ రాతేమీ కాదు. వాటిని ఏ లెక్కలవాళ్ళూ అక్షరాలనలేదు. (ముగ్గుని కూడా రాత అనాలన్న ఉబలాటం నాకు లేదు. ప్రతిదాన్నీ రాత చేసేస్తే, రాయనివ్వకపోవడం అనే అన్యాయం మాయమైపోతుంది.)

మా అమ్మమ్మ పద్దు పుస్తకాన్నుంచి క్యాలెండరుకి మారిన తరం. వంటింటి గోడకి వెంకట్రామా వారి క్యాలెండరు వేలాడేది. తిథి, వర్జ్యం, రాహుకాలం పోగా మిగిలిన గడిలో ఆమె రాత. పాలు ఎన్ని శేర్లు, తర్వాత తర్వాత ఎన్ని లీటర్లు. గ్యాసు బండ వచ్చిన రోజు. ఎవరికో చేబదులు ఇచ్చిన యాభై రూపాయలు. ఎవరి పెళ్ళికి ఎంత చదివించారు. పనమ్మాయి రాని రోజున 'నా' అని ఒక అక్షరం, అంటే నాగా. నెలాఖరుకి ఆ 'నా'లు లెక్కపెట్టి జీతంలో కోసేవారు. మా పిన్నులు అంకె పక్కన కనీకనిపించకుండా ఒక చుక్క పెట్టేవారు. నాకు పన్నెండేళ్ళొచ్చేదాకా ఆ చుక్క ఏమిటో ఎవరూ చెప్పలేదు. ఒకే కాగితం మీద ఒక ఆడమనిషి తన ఒంటి లెక్కని రహస్యంగా రాసుకుంది, ఇంకో ఆడమనిషి కూలి లెక్కని ఆమె చూస్తుండగానే రాసింది. ఆ రెండో ఆమెకి చదవడం రాదు. 'నా'లు నాలుగా అయిదా అన్న తగవు వస్తే, క్యాలెండరు ఏం చెబితే అదే. ఆ తగవుల్లో పనమ్మాయి గెలవడం నేను చూడలేదు.

అందుకే స్త్రీల దైనందిన రాత అనగానే మురిసిపోవడం నాకు చేతకాదు. అది ఇంట్లో అణిగినవాళ్ళ రాత మాత్రమే కాదు. ఒక్కోసారి అధికారపు రాత కూడా. అయినా, లేదు కాదు, అది ఉంది. ఉన్నదాన్ని ఉందని ఒప్పుకుంటేనే కదా దాని మంచిచెడ్డలు మాట్లాడుకునేది?

పరిశోధన కోసం ఇరవయ్యో శతాబ్దపు ఇంటి కాగితాలు వెతుక్కుంటూ కోస్తాలోనూ తెలంగాణలోనూ కొన్ని ఇళ్ళకి వెళ్ళాను. తాతగారి ఉత్తరాలు కట్టలుకట్టి ట్రంకుపెట్టెలో ఉంటాయి. కోర్టు కాగితాలు, భూమి దస్తావేజులు సరేసరి. వాటినే రాతకోతలంటారు. నాయనమ్మ పద్దు పుస్తకాలేవండీ అంటే వింతగా చూస్తారు. పాతపేపర్లవాడికి వేశాం అంటారు. నున్నటి క్యాలెండరు కాగితం పిల్లల పుస్తకాలకి అట్టలుగా బాగుంటుంది కాబట్టి అలా కొంత పోయింది. పారేసినవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే, తాము రాసినవి తామే.

ఇంకో సంగతి. తెలుగులో మాట వేరు, రాత వేరు అన్న గొడవ చాలా పాతది. 1911లో ఏర్పడిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు గ్రాంథికం వైపు నిలబడింది. గిడుగు రామమూర్తి వాడుకభాష వైపు నిలబడ్డాడు. బళ్ళల్లో పరీక్షలు ఏ తెలుగులో రాయాలన్నది ఆ పోరాటంలో పెద్ద భాగం. నోటితో వచ్చేది రాత కాదు అని ఒక భాష తన పిల్లలకి నేర్పినప్పుడు, ముందుగా ఆ మాట నమ్మేది ఎవరు? బడిలో రెండేళ్ళు చదివి మానేసినవాళ్ళే కదా.

ఇంగ్లీషు నోటి పరీక్షల చరిత్ర కూడా ఆ రోజుల్లోనే మొదలైంది. 1913లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం పరదేశీ ఇంగ్లీషు ఉపాధ్యాయుల కోసం ఒక పరీక్ష పెట్టింది. మొత్తం 12 గంటల పరీక్ష. అందులో చెప్పింది రాయడం, పైకి చదవడం, సంభాషణ కలిపి ఒక గంట. ఆ ఏడు దానికి కూర్చున్నది ముగ్గురు, ముగ్గురూ తప్పారు. అక్కణ్ణుంచి 1989లో ఐయెల్ట్స్ దాకా వచ్చేసరికి పరీక్ష ఉపాధ్యాయులది కాకుండా పోయింది, సరిహద్దు దాటే ప్రతివాళ్ళదీ అయింది. జనరల్ ట్రైనింగ్ రకంలో రాత భాగపు మొదటి ప్రశ్న ఇప్పటికీ ఏమిటో తెలుసా? 150 పదాలకు తగ్గకుండా ఉత్తరం రాయడం. 1911 నాటి ఎన్యూమరేటరు ఎక్కడికీ పోలేదు!

సరిహద్దు దగ్గర ఆడవాళ్ళని ఏ హోదాలో ఏం అడుగుతున్నారో చూడండి. భర్తనో భార్యనో చేరుకోవడానికి బ్రిటన్ వచ్చేవాళ్ళు ఇంగ్లీషులో కనీసపు మెట్టు, ఎ1, చూపించాలన్న నియమం 2010 నవంబరు 29న అమల్లోకి వచ్చింది. దాని కోసం 2015లో ఐయెల్ట్స్ లైఫ్ స్కిల్స్ అనే పరీక్ష పెట్టారు. అభ్యర్థులిద్దర్ని కలిపి కూర్చోబెట్టి మాట్లాడిస్తారు. మాట్లాడటం, వినడం, అంతే. రాత లేదు. ఈ నియమాన్ని ఇద్దరు బ్రిటిష్ భార్యలు కోర్టులో సవాలు చేశారు. 2015 నవంబరులో అక్కడి సుప్రీంకోర్టు నియమాన్ని కొట్టెయ్యలేదు. మార్గదర్శకాలు కొందరి విషయంలో హక్కుల్ని దెబ్బతీయవచ్చని మాత్రం అంది. 2025 మేలో వచ్చిన శ్వేతపత్రం ఉద్యోగులూ విద్యార్థులతో పాటు వచ్చే పెద్దలకి కూడా ఇదే మెట్టు పెట్టాలని ప్రతిపాదించింది. మన సాఫ్ట్‌వేర్ కుటుంబాల్లో 'డిపెండెంట్' అనే మాట కింద వెళ్ళే ఆడపిల్లలు ఎందరో మీకు చెప్పనక్కరలేదు. ఎంటెక్ చదివి, డిపెండెంట్‌గా వెళ్ళడానికి, మీ ఇంట్లో ఎన్ని గదులున్నాయన్న ప్రశ్నకి జవాబు ప్రాక్టీసు చేస్తున్న అమ్మాయిని ఊహించుకోండి. చెబితే వినగలదు, అడిగితే చెప్పగలదు. భార్య నుంచి రాజ్యం కోరుకునేది అంతవరకే.

నర్సుని మాత్రం నాలుగూ అడుగుతారు. బ్రిటన్ నర్సింగ్ కౌన్సిలు ఒకప్పుడు నాలుగింటిలోనూ 7 బాండు రావాలనేది. ఎంతోమంది తప్పేది రాత దగ్గరే. 2018 డిసెంబరు నుంచి రాతకి 6.5 చాలంది. ఆ రాత ఏమిటి? గ్రాఫు చూసి 150 పదాలు, ఏదో ఒక అభిప్రాయం మీద 250 పదాల వ్యాసం. రాత్రంతా పన్నెండు పడకల షీట్లు ఒక్క తప్పు లేకుండా నింపిన చెయ్యి అక్కడ ఆగిపోయింది. 2017 చివర్లో ఆ కౌన్సిలే ఓఇటి అనే ఇంకో పరీక్షని కూడా ఒప్పుకుంది. దాంట్లో నర్సుకి ఒక రోగి కేసు నోట్సు ఇస్తారు, ఆ రోగిని ఇకపైన చూసుకోబోయేవాళ్ళకి ఉత్తరం రాయమంటారు. రోజూ చేసే రాతని పరీక్షగా పెట్టొచ్చని ఎవరికో తోచిందన్నమాట. మన నర్సులందరికీ అది తేలికని నేననను. కానీ 'అది డ్యూటీ' అన్న మాటకి అక్కడ కాస్త బలం తగ్గుతుంది.

నెల్లూరు జిల్లాలో 1990ల మొదట్లో అక్షరాస్యతా తరగతులకి వచ్చిన ఆడవాళ్ళు సీతమ్మ కథ చదివారు. దూబగుంటలో సారా దుకాణం మూయించారు. 1993 అక్టోబరుకి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. ఆ చరిత్ర మనం చాలాసార్లు చెప్పుకున్నాం. ఆ తర్వాత పొదుపు సంఘాల్లో తీర్మానాల పుస్తకం రాసినవాళ్ళ గురించి అంతగా చెప్పుకోలేదు. ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు, ఎవరికి ఎంత అప్పు, ఎవరు వాయిదా తప్పారు. వారం వారం ఒక ఆడమనిషి కూర్చుని రాసింది, మిగిలినవాళ్ళు సంతకాలు పెట్టారు. అంగన్‌వాడీ కార్యకర్త రిజిస్టర్లు, ఆశా కార్యకర్త జాబితాలు సరే. ఈ దేశంలో రాజ్యానికి అక్కరకొచ్చే రోజువారీ రాతలో చాలా భాగం గౌరవ వేతనం మీద పనిచేసే ఆడవాళ్ళదే. వాళ్ళ కూతుళ్ళే ఇప్పుడు మాక్ టెస్టుకి వచ్చి, మా ఇంట్లో ఎవరికీ రాసే అలవాటు లేదంటున్నారు.

స్త్రీ శక్తి సంఘటన వాళ్ళు తెలంగాణ పోరాటంలో పనిచేసిన స్త్రీలని మాట్లాడించి, రికార్డు చేసి, 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చారు. మల్లు స్వరాజ్యం జీవితం 'నా మాటే తుపాకీ తూటా' కూడా ఆమె చెబుతుంటే విని రాసిందే, 2019లో వచ్చింది. మన చరిత్రలో రాత వదిలేసిన చోటల్లా మాట నిలబెట్టింది. నాకు ఈ మధ్య ఇదే ఆలోచన. ఐయెల్ట్స్ గదుల్లో ప్రతి అభ్యర్థి మాటా రికార్డవుతుంది. మచిలీపట్నం నుంచి, వరంగల్ నుంచి, కడప నుంచి వచ్చిన ఆడపిల్లలు తమ ఊరి గురించి, తమ తల్లుల గురించి, తమ తిండీ నిద్రా రాతా గురించి మాట్లాడిన గంటలు ఎన్ని ఉంటాయో! అంత మాట ఏ పరిశోధకురాలూ పోగు చెయ్యలేదు. అది మనకి దొరకదు, దొరికినా అందులో సగం బట్టీ పట్టిన డైరీయే. ఇంత మాట్లాడించి, తమ గురించి తాము కల్పించుకున్నది చెప్పించుకోవడం ఎంత వృథా!

కాబట్టి నా తరగతిలో డైరీ జవాబు కట్టిపెట్టించాను. దానివల్ల బాండు పెరుగుతుందా అని నా స్నేహితురాలు అడిగింది. పెరగొచ్చు, పెరక్కపోవచ్చు. బట్టీ జవాబుని పరీక్షకులు పసిగడతారు కాబట్టి తగ్గదని మాత్రం చెప్పాను. దాంతోపాటు మా కాలనీలో నాలుగిళ్ళకీ చెప్పి ఉంచాను, డిసెంబరు అయిపోయాక పాత క్యాలెండర్లు పారెయ్యకుండా నాకివ్వమని. పని చేసేవాళ్ళ ఇళ్ళలో కూడా అడిగాను. ఇప్పుడు వాళ్ళ పిల్లలు చదువుకున్నారు, గోడమీద వాళ్ళ లెక్కలు వాళ్ళూ రాసుకుంటున్నారు. ఒకావిడ క్యాలెండరులో తను పనిచేసే మూడిళ్ళకీ మూడు రంగులున్నాయి. ఆ ఇళ్ళవాళ్ళు ఊరెళ్ళి తనను రావద్దన్న రోజులకి సున్నా చుట్టించింది, వాటిని నాగా కింద కోస్తే చూపించడానికి. మార్చి నెల పేజీ లేదు. చిన్నవాడి సోషల్ పుస్తకానికి అట్ట వేశారట.